కన్సల్టెన్సీ కొలువు: మేలూ కీడూ
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాల క్రితం జోడ్‌భావి పేట్‌లో ఒక నేతపనివాడు తన బిడ్డను తెలుగు బడికి పంపినప్పుడు ఆశించినది కొద్దిపాటి చదువే. ఉత్తరం చదవను వ్రాయను రావాలి. కూలి లెక్కలో మోసపోకుండా ఉండాలి. ఆ రెండూ వచ్చిన పిల్లవాడు ఇంటికి దీపమని ఆ తరం భావించింది. నేడు అదే వీధుల నుండి బడికి వచ్చే తల్లిదండ్రుల నోట వేరొక ప్రశ్న వినబడుతున్నది. “అబ్బాయికి పూణెలో కన్సల్టెన్సీ ఉద్యోగం వచ్చిందట, పంపవచ్చునా?” “అమ్మాయిని హైదరాబాదు కంపెనీ రమ్మన్నదట, రాత్రి పొద్దుపోయేదాకా పని అంటున్నారు, ఏం చేయాలి?” ఈ ప్రశ్నలకు అవుననో కాదనో ఒక్క మాటలో సమాధానం చెప్పడం బాధ్యత అనిపించుకోదు. ఎందుకనగా ఆ ఒక్క మాట వెనుక అనేక రకాల కొలువులు దాగి ఉన్నవి. వాటిని వేరుచేసి, ఒక్కొక్కదానిలోని మేలునూ కీడునూ తూచి చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

తెలుగువారి వాడుకలో ‘కన్సల్టెన్సీ’ అన్న పదానికి నాలుగు అర్థాలున్నవి. వ్యాపార సంస్థలకూ ప్రభుత్వాలకూ నిర్వహణలో సలహాలిచ్చే సంస్థలు మొదటి రకం. ఇతర దేశాల, ఇతర సంస్థల కంప్యూటర్ పనిని ఒప్పందంపై చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ సంస్థలు రెండవ రకం. తమ వద్ద పని ఏమీ లేకున్నా, మనుషులను చేర్చుకొని వేరొక సంస్థకు కూలికి పంపి మధ్యలో కొంత సొమ్ము నిలుపుకొనేవి మూడవ రకం. ఉద్యోగమో విదేశీ విశ్వవిద్యాలయంలో సీటో ఇప్పిస్తామని అభ్యర్థి వద్దనే రుసుము పుచ్చుకొనే ఏజెంట్లు నాలుగవ రకం. బోర్డుపై పేరు ఒక్కటే. లోపలి వ్యవహారం మాత్రం పట్టుకూ నూలుకూ ఉన్నంత భేదం. చద్దరు కొనేవాడు పోగు చేతితో తడిమి చూచినట్లే, కొలువుకు పోయేవాడు ఈ భేదాన్ని ముందుగా తడిమి చూడాలి.

సలహా చెప్పడం వృత్తిగా గల మహనీయులు తెలుగువారికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నదికి వచ్చిన వరదలో వేలాది ప్రాణాలు పోయినవి. నిజాం ప్రభుత్వం అప్పుడు ఆహ్వానించినది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని. వారి పూర్వుల ఊరైన మోక్షగుండం నేటి ఆంధ్రప్రదేశ్‌లోనిదే. ఇంజనీరింగు చదివినది పూణెలో. కొలువు చేసినది ఈ బొంబాయి రాజ్యంలోనే. ఆ సర్కారు కొలువు నుండి స్వచ్ఛందంగా విరమించిన తరువాత 1909లో వారు హైదరాబాదుకు సలహా ఇంజనీరుగా వెళ్లారు. వర్షపాతం లెక్కలు సేకరించారు, నదీ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించారు, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించి వరదను అక్కడనే ఆపాలని సూచించారు. మురుగునీటి పారుదలకు కూడా ప్రణాళిక ఇచ్చారు. ఆ ఏడాది చివరనే వారు మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి.

ఈ ఒక్క ఉదంతంలోనే సలహాదారు వృత్తి స్వరూపం మొత్తం కనిపిస్తుంది. లోపలివారు నిత్యం చూచి చూచి గమనించని దానిని బయటి నుండి వచ్చినవాడు గమనించగలడు. ఒక ఊరిలో నేర్చిన విద్య మరొక ఊరికి అక్కరకు వస్తుంది. కొద్ది నెలల శ్రమ తరతరాలకు ఉపకరిస్తుంది. అయితే నాటిన చెట్టు నీడన కూర్చొనే అదృష్టం సలహాదారుకు ఎల్లప్పుడూ దక్కదు. చెప్పి వెళ్లిపోవడం అతని ధర్మం. కట్టడం ఇతరుల పని. విశ్వేశ్వరయ్య గారి సలహా ఫలించడానికి వారి విద్య ఎంత కారణమో, కట్టి నిలబెట్టిన ఇంజనీర్ల, రాళ్లు మోసిన కూలీల కష్టం అంతే కారణం.

ఇక వ్యాపార సలహాను ఒక పరిశ్రమగా నడిపే సంస్థల సంగతి. వీటికి పుట్టినిల్లు అమెరికా. షికాగోలో లెక్కల శాస్త్రం బోధించిన జేమ్స్ మెకిన్సీ 1926లో స్థాపించిన సంస్థ నేడు ప్రపంచమంతటా విస్తరించింది. అటువంటి సంస్థలలో ప్రవేశం కష్టసాధ్యం. పేరున్న సంస్థలలో ఉన్నత విద్య చదివినవారికే ఎక్కువగా లభ్యం. కాని డెలాయిట్ వంటి సంస్థలకు హైదరాబాదులో పెద్ద కార్యాలయాలు ఏర్పడిన తరువాత సాధారణ కళాశాలల పట్టభద్రులకు కూడా ఆ తలుపులు కొంత తెరుచుకొన్నవి. కనుక నేతవాడల పిల్లలకు ఇవి అందని ద్రాక్షలని నిరాశ చెందనక్కరలేదు.

ఈ సంస్థలలోని మేలు మొదట చెప్పుకొనడం న్యాయం. మొదటిది విద్య. ఒక కర్మాగారంలో పదేళ్లు పనిచేసినవాడికి ఒక కర్మాగారమే తెలుస్తుంది. సలహా సంస్థలో మూడేళ్లు పనిచేసినవాడు ఒక బ్యాంకును, ఒక ఆసుపత్రిని, ఒక సిమెంటు ఫ్యాక్టరీని లోపలి నుండి చూడగలుగుతాడు. రెండవది క్రమశిక్షణ. చిక్కుపడిన సమస్యను పోగులుగా విడదీయడం, అంకెలతో రుజువు చేయడం, పది పుటలలో చెప్పవలసినది ఒక పుటలో చెప్పడం అక్కడ నేర్పుతారు. మూడవది పరిచయాలు. పెద్దల ఎదుట బెదురు లేకుండా మాట్లాడటం ఇరువది నాలుగేళ్ల వయసులోనే అలవడుతుంది. నాలుగవది జీతం. ఇంటి అప్పు తీరుతుంది, చెల్లెలి చదువు సాగుతుంది. ఐదవది, అక్కడ పనిచేసిన పేరు తరువాతి కొలువుకు సిఫారసు ఉత్తరం వంటిది. స్వంత వ్యాపారం పెట్టదలచినవారికి కూడా ఆ అనుభవం పెట్టుబడిలో సగం.

కీడు కూడా అంతే నిజాయితీగా చెప్పుకొనాలి. సలహా సంస్థ అమ్మేది సరుకు కాదు, మనిషి కాలం. కక్షిదారు వద్ద దినానికింత, గంటకింత అని వసూలు చేస్తుంది. నేతకార్మికుడు నేసిన చద్దర్లు లెక్కించి కూలి కట్టినట్లు, అక్కడ గంటలు లెక్కించి బిల్లు కడతారు. అందుచేత ఉద్యోగి ప్రతి గంటపైనా సంస్థ కన్ను ఉంటుంది. గడువు దగ్గరపడితే రాత్రి పగలు భేదం ఉండదు. సూట్‌కేసు ఎప్పుడూ సర్ది ఉంచుకొనాలి. పండుగ నాడు ఇంటికి వస్తానన్న కొడుకు విమానాశ్రయం నుండి ఫోను చేసి రాలేనంటాడు. పైగా మెకిన్సీ వంటి సంస్థలలో ఒక నియమం ప్రసిద్ధం: నిర్ణీత కాలంలో పై మెట్టు ఎక్కాలి, ఎక్కలేనివాడు తప్పుకొనాలి. తెలివితక్కువై కాదు, ఆ మెట్టుపై చోటు చాలక తప్పుకొనేవారే అధికం.

ఆరోగ్యం విషయం మరింత గంభీరమైనది. 2024లో పూణెలోని ఒక సంస్థలో చేరిన కొద్ది నెలలకే ఒక యువ చార్టర్డ్ అకౌంటెంటు మరణించడం, పనిభారమే బిడ్డను బలిగొన్నదని కన్నతల్లి లేఖ వ్రాయడం దేశమంతటినీ కదిలించింది. సంస్థ ఆ అభియోగాన్ని అంగీకరించలేదు. కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ విచారణ చేపట్టింది. నిజానిజాల నిర్ణయం ఎలా ఉన్నా, తల్లిదండ్రులు గ్రహించవలసినది ఒకటున్నది. నెలకు ఎంత పంపుతున్నావని అడిగే ముందు రాత్రి ఎన్ని గంటలకు పడుకొంటున్నావని అడగాలి. మగ్గం వద్ద తండ్రి ఊపిరితిత్తులలోకి నూలు దుమ్ము పోతే, బీడీల చాట ముందు తల్లి వేళ్లు కాయలు కాస్తే, ఆ హాని కంటికి కనబడుతుంది. చల్లని గదిలో కుర్చీపై కూర్చున్నవాడికి కలిగే హాని కంటికి కనబడదు. కనబడనంత మాత్రాన లేదని అనుకొనరాదు.

మరొక కీడు మనస్సుకు సంబంధించినది. సలహా ఇచ్చినవాడు దాని ఫలితాన్ని అనుభవించడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రకటించిన ‘విజన్ 2020’ పత్రం రూపకల్పనలో మెకిన్సీ సంస్థ పాలుపంచుకొన్నది. ఇరువది ఏళ్ల ముందుచూపు ఒక రాష్ట్రానికి అవసరమని కొందరు మెచ్చుకొన్నారు. వ్యవసాయంపై ఆధారపడినవారి సంఖ్య తగ్గించాలన్న ఆలోచనలో చిన్న రైతు గోడు వినబడలేదని మరికొందరు విమర్శించారు. ఏ పక్షం సబబన్నది అటుంచితే, కాగితంపై వ్రాసే ఒక అంకె వెనుక లక్షల ఇళ్లు ఉంటాయన్న ఎరుక సలహాదారుకు ఉండి తీరాలి. ‘ఈ విభాగంలో మనుషులు ఎక్కువ’ అని నివేదికలో ఒక వాక్యం వ్రాయడానికి అర నిమిషం చాలు. సోలాపూర్ మిల్లులు మూతబడిన కాలాన్ని చూచిన కుటుంబాలకు ఆ వాక్యం బరువెంతో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పేట నుండి వెళ్లిన బిడ్డ అటువంటి కలం పట్టిన నాడు ఆ బరువు మరువరాదు.

రెండవ రకం సాఫ్ట్‌వేర్ సేవా సంస్థలు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 1968లో ఆరంభమైంది. పేరులోనే కన్సల్టెన్సీ ఉన్నది. మధ్యతరగతి, కార్మిక కుటుంబాల పిల్లలకు ఇటువంటి సంస్థలు చేసినంత మేలు వేరే పరిశ్రమ చేసి ఉండదు. కులం, సిఫారసు అడగకుండా పరీక్ష పెట్టి తీసుకొన్నవి. తీసుకొన్న తరువాత తామే శిక్షణ ఇచ్చినవి. భవిష్యనిధి, వైద్య బీమా కల్పించినవి. సోలాపూర్ నుండి ఉదయం పూణెకు వెళ్లి రాత్రికి తిరిగివచ్చే రైలుకు 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన నలుగురు సోలాపూర్ వీరుల స్మృత్యర్థం హుతాత్మా ఎక్స్‌ప్రెస్ అని పేరు. ఆ రైలు ఎక్కి కొలువుకు పోయిన పూర్వ విద్యార్థులు పలువురు ఈ సభలోనే ఉన్నారు.

అయినా పెద్ద పేరు ఒక్కటే భరోసా కాదు. 1987లో హైదరాబాదులో పుట్టి తెలుగువారి గర్వకారణమనిపించుకొన్న సత్యం కంప్యూటర్స్‌లో 2009 జనవరి 7న ఏమి జరిగినదో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి లేని లాభాలను ఉన్నట్లు చూపామని సంస్థ అధ్యక్షుడే లేఖ వ్రాశాడు. సుమారు ఏబది వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కరోజులో ప్రశ్నార్థకమైంది. ప్రభుత్వం కొత్త పాలకమండలిని నియమించడం, అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థను చేపట్టడం వలన చాలామంది కొలువు నిలిచింది. తప్పు చేసినవారు పైన కొందరే. అప్పు చేసి ఇల్లు కట్టుకొన్న క్రింది ఉద్యోగి మాత్రం ఆ నెలల్లో నిద్రలేని రాత్రులు గడిపాడు. సంస్థను నమ్మడం మంచిదే, కాని చేతిలోని విద్యను అంతకంటె ఎక్కువ నమ్ముకొనాలి.

మూడవ రకం అన్నింటికంటె జాగ్రత్త అవసరమైనది. 1990 దశకం చివర, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలను తప్పు చదువుతాయన్న భయంతో అమెరికాకు వేలాది ప్రోగ్రామర్లు అవసరమైనారు. ఆంధ్రప్రదేశ్ నుండి యువకులు పెద్ద సంఖ్యలో వెళ్లారు. వీసా చూపి మనుషులను చేర్చుకొని ఇతర సంస్థలకు అప్పగించే చిన్న చిన్న కన్సల్టెన్సీలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో పుట్టుకొచ్చినవి. వాటిలో అనేకం తెలుగువారివే. హైదరాబాదులోనూ సిడ్నీలోనూ ఈ వ్యవహారాన్ని దగ్గరగా పరిశీలించిన చైనా పండితుడు షియాంగ్ బియావ్ 2007లో ఒక గ్రంథమే ప్రచురించాడు. పని లేక ఖాళీగా కూర్చోబెట్టడాన్ని ‘బెంచి’ అనడం, విదేశీ కొలువుకూ వరకట్నానికీ ముడిపడటం అందులో వివరించబడినవి. పెండ్లి సంత చూచి కొడుకును విదేశానికి పంపే తండ్రి, ఆ బెంచి మీద కూర్చున్న కొడుకు ముఖాన్ని ఒక్కసారి ఊహించుకొనాలి.

ఈ మూడవ రకం ఎలా నడుస్తుందో నేతవాడకు చెప్పడం తేలిక. అసలు పని ఉన్న సంస్థ గంటకు వంద రూపాయలు ఇచ్చిందనుకొంటే, మొదటి మధ్యవర్తి ఇరవై, రెండవ మధ్యవర్తి మరో ఇరవై ఉంచుకొంటే, రేయింబవళ్లు పనిచేసినవాడికి అరవై మిగులుతుంది. నూలిచ్చిన కార్ఖానాదారుకూ, సరుకు అమ్మిన వర్తకుడికీ, కండె పట్టినవాడికీ నడుమ సాగిన పాత కథే ఇది. పూర్వం అడ్వాన్సు తీసుకొన్న కార్మికుడు ఆ బాకీ తీరేదాకా మరొక కార్ఖానా మెట్టు ఎక్కలేకపోయేవాడు. నేడు ఆ బాకీకి ‘బాండు’ అని పేరు మారింది. మధ్యవర్తులందరూ దుర్మార్గులని కాదు. ఎవరూ పిలవని నాడు చేయూతనిచ్చి, వీసా తెప్పించి, విదేశంలో దిగిన రాత్రి అన్నం పెట్టి ఆదరించినవారు కూడా వారిలో ఉన్నారు. అయితే ఆదరణ వేరు, ఒప్పందం వేరు. చుట్టరికం చూచి సంతకం పెట్టరాదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. పని లేని కాలంలో కూడా హెచ్1బి ఉద్యోగికి జీతం చెల్లించాలని అమెరికా 1998లోనే చట్టం చేసింది. ఆ హక్కు ఉన్నదని తెలియని పిల్లలు నెలల తరబడి జీతం లేకుండా, అద్దె గదిలో నలుగురైదుగురితో కలిసి కాలం గడిపారు. ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజులలో మరొక యజమానిని వెదుక్కొనాలి, లేదా వేరొక మార్గం చూచుకొనాలి, లేదా దేశం విడిచి రావాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. ఒక సంతకంతో దారులు మారిపోయే చోట, ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి ప్రయాణం కట్టడం ఎంత సాహసమో ఆలోచించాలి. బాండు విషయానికి వస్తే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు వ్యాజ్యంలో సహేతుకమైన సేవా ఒప్పందం చెల్లుతుందని తీర్పునిచ్చింది. కనుక ‘అది ఉత్త కాగితమే’ అన్న ఏజెంటు మాట నమ్మి సంతకం చేయడం తగదు.

నాలుగవ రకం ఏజెంట్ల గురించి ఒక్క మాట చాలు. ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు, జీతం ఇవ్వవలసినవాడే ముందుగా సొమ్ము అడిగితే అది కొలువు కాదు. విదేశీ కొలువులకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగటం అవమానం కాదు. అడిగినందుకు కోపగించుకొన్నవాడి వద్దకు రెండవసారి పోనక్కరలేదు.

ఇప్పుడు ఈ పేటలోని ఒక ఇంటిని ఊహించుకొనవచ్చు. తండ్రి పవర్‌లూమ్ పైన, తల్లి బీడీల పైన కష్టించి కొడుకును ఇంజనీరింగు చదివించారు. కొడుకు చేతిలో పూణె కన్సల్టెన్సీ ఉత్తరం ఉన్నది. నెలకు ముప్పై వేలు.

“నాయినా, ముప్పై వేలంటే తక్కువా?” అని కొడుకు అడుగుతాడు.

“తక్కువ అనలేదు బిడ్డా. పని ఎవరిది, జీతం ఎవరిస్తారు, నడుమ వచ్చేస్తే ఏం కట్టాలి? ఈ మూడు చెప్పు” అని తండ్రి అడగాలి.

ఆ తరువాత ఇద్దరూ కూర్చొని కాగితంపై లెక్క వేయాలి. గది అద్దెలో వాటా ఎనిమిది వేలు, భోజనం ఆరు వేలు, రాకపోకలకు మూడు వేలు, బట్టలు ఫోను వగైరాలకు మూడు వేలు, చదువు అప్పు వాయిదా ఆరు వేలు అనుకొంటే మొత్తం ఇరవై ఆరు వేలు. మిగిలేది నాలుగు వేలు. ఆ నాలుగు వేల కొరకే వెళ్లడమైతే వద్దనవచ్చు. రెండేళ్లలో చేతికి వచ్చే విద్య కొరకైతే వెళ్లిరమ్మని దీవించవచ్చు. లెక్క ఒక్కటే, తీర్పు మాత్రం ఆ కొలువులో నేర్చేది ఏమిటన్నదానిపై ఆధారపడుతుంది. ఏమీ నేర్పని చోట ముప్పై వేలు కూడా నష్టమే. బాగా నేర్పే చోట తొలి రెండేళ్ల జీతం తక్కువైనా అది ఫీజు లేని చదువే.

అమ్మాయిల విషయంలో ఈ లెక్కకు మరికొన్ని అంశాలు చేర్చాలి. రాత్రివేళ ఇంటికి చేర్చే వాహనం సంస్థ ఏర్పాటు చేస్తుందా? ఫిర్యాదు వినడానికి చట్టం నిర్దేశించిన అంతర్గత కమిటీ ఉన్నదా? వసతిగృహం ఎక్కడ? ఈ ప్రశ్నలు అమ్మాయిని ఆపడానికి సాకులు కారాదు, ఆమెను ధైర్యంగా పంపడానికి ఆధారాలు కావాలి. చదువులో అన్నను మించిన చెల్లెలిని, భయం పేరుతో ఇంట కూర్చోబెట్టి బీడీల చాట చేతికివ్వడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

కొలువుకు వెళ్లే ప్రతి బిడ్డ గుర్తుంచుకొనవలసినవి మరి కొన్ని ఉన్నవి. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించరాదు. చూపి, నకలు ఇచ్చి వెనుకకు తెచ్చుకొనాలి. చేయని పనిని చేసినట్లు అనుభవ పత్రంలో వ్రాయనీయరాదు. ఆ అబద్ధం ఎన్నేళ్లకైనా బయటపడుతుంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడు సొమ్ము బ్యాంకులో చేరేదాకా కొత్త అప్పు చేయరాదు. వారంలో ఒక రోజైనా ఇంటికి మనసు విప్పి మాట్లాడాలి. ఉద్యోగం పోతే దాచరాదు. ఉద్యోగం పోవడం పరువు తక్కువ కాదు. పోయిందని తల్లిదండ్రులకు చెప్పలేని స్థితిలో బిడ్డను ఉంచడమే ఇంటికి పరువు తక్కువ.

ఇక పాఠశాల బాధ్యత. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇటువంటి కొలువులలో నెగ్గలేరన్న భయం తల్లిదండ్రులలో ఉన్నది. ఇంగ్లీషు అవసరం కాదనలేనిది. దానిని శ్రద్ధగా నేర్పడం ఉపాధ్యాయుల విధి. కాని సలహాదారు వృత్తికి మూలం మాటకారితనం కాదు, వినే ఓర్పు. ఎదుటివాడి కష్టం అతని భాషలో విని, చిక్కుముడి ఎక్కడున్నదో పసిగట్టగలగాలి. ఇంట తెలుగు, బజారులో మరాఠీ, రైలులో హిందీ, పొరుగింట కన్నడం విని పెరిగిన సోలాపూర్ బిడ్డకు ఆ ఓర్పు ఉగ్గుపాలతో వచ్చినది. దానికి తప్పులేని లెక్క, సూటిగా వ్రాసే అలవాటు, ‘ఎందుకు?’ అని అడిగే ధైర్యం తోడు చేయడమే బడి చేయగల సాయం. తరగతిలో ప్రశ్న అడిగిన పిల్లవాడిని కసిరి కూర్చోబెడితే, రేపు ఒప్పంద పత్రం ముందు కూడా వాడు నోరు మెదపడు.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు లభించి సుమారు రెండు దశాబ్దాలైనది. అయినా అదే పేరుతో ఇతర చోట్ల నేసిన చవక సరుకు బజారులో అమ్ముడుపోతూనే ఉన్నది. కరెంటు ఖర్చు, నూలు ధర, కొత్త నమూనాల కొరత, అమ్మకం మార్గాలు అన్నీ ఈ పేట ముందున్న చిక్కుముడులే. ఎక్కడెక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకో, బ్యాంకులకో సలహాలిచ్చే బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట స్వంత వీధిలోని కార్ఖానాలో కూర్చొని లెక్క పుస్తకం చూచిపెట్టవచ్చును. నారళీ పూర్ణిమకు మార్కండేయుని రథం లాగడానికి వచ్చినవారు, మరునాడు బడికి వచ్చి పదవ తరగతి పిల్లలకు తమ కొలువులోని మేలునూ కీడునూ దాపరికం లేకుండా చెప్పవచ్చును. జీతం ఎంతో చెప్పేవారు చాలామంది ఉన్నారు. పడిన కష్టం చెప్పేవారే పిల్లలకు కావాలి.

పడుగు ఒక్కటే గుడ్డ కాదు, పేక ఒక్కటే గుడ్డ కాదు. ఆశ పడుగైతే జాగ్రత్త పేక. ఆ రెండూ సరిగా కలిసిన చోట బిడ్డ ఏ కొలువులో చేరినా నిలుస్తాడు. అవసరమైనప్పుడు ఆ కొలువును వదలి రాగల ధైర్యమూ అతనికి ఉంటుంది. డెబ్బది ఐదేళ్లుగా ఈ బడి నేర్పుతున్న చదువునకు పరమార్థం అదే. ఈ సరస్వతీ నిలయం మరిన్ని తరాలకు వెలుగు చూపాలని, ఇక్కడి నుండి వెళ్లిన ప్రతి బిడ్డ క్షేమంగా, గౌరవంగా బ్రతకాలని ఆకాంక్ష.